రసాయనాచార్య విక్టర్ గ్రిన్యార్ (1871–1935)

ఇంటర్మీడియట్ తరగతులలో రసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ గ్రిగ్నార్డ్ కారకం అనే మాట సుపరిచితమే. ఆ కారకం సహాయంతో ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ ఆల్కహాలులను తయారుచేసే సమీకరణాలను పరీక్ష కోసం కంఠస్థం చేయని వారు అరుదు. అయితే ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, ఆయన మొదట గణితశాస్త్ర పరీక్షలో తప్పినవాడనీ, రసాయన శాస్త్రంపై తొలినాళ్ళలో ఏ మాత్రం అభిమానం లేనివాడనీ, చివరకు అదే శాస్త్రంలో నోబెల్ బహుమతి నందుకున్నాడనీ తెలిసినవారు కొద్దిమందే. మన పాఠ్యపుస్తకాలు ఆ పేరును గ్రిగ్నార్డ్ అని వ్రాస్తాయి. ఫ్రెంచి భాషలో దాని ఉచ్చారణ గ్రిన్యార్. ఆయన జీవించిన కాలమంతా మన యానాం ఫ్రెంచి ప్రభుత్వ పాలనలోనే ఉండేది. కనుక ఆ పేరును వారి నోట పలికినట్లే ఇక్కడ పలకడం సముచితం.

పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఒక విదేశీ శాస్త్రవేత్త జీవితం ఎందుకని ఎవరైనా అడుగవచ్చు. గ్రిన్యార్ జీవితం ఆద్యంతం విద్యాలయాలతో, గురువులతో ముడిపడి ఉన్నది. చదువుకున్న విద్యాలయం మూతబడిన విద్యార్థి, పరీక్ష తప్పిన యువకుడు, గురువు వదలిన సమస్యను పూర్తిచేసిన శిష్యుడు, కీర్తిశిఖరం మీద నిలిచి కూడ గురువును మరువని ఆచార్యుడు – ఈ నలుగురూ ఆయనలోనే కనబడతారు. తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ ఈ చరిత్రలో గ్రహించదగిన విషయాలు ఉన్నాయి.

ఓడరేవు పట్టణంలో బాల్యం

ఫ్రాంసు దేశపు ఉత్తర తీరంలో నార్మండీ ప్రాంతాన షెర్‌బూర్ అనే ఓడరేవు పట్టణం ఉన్నది. విక్టర్ గ్రిన్యార్ 1871 మే 6వ తేదీన అక్కడ జన్మించారు. తండ్రి తెరచాపలు తయారుచేసే వృత్తిలో ఉండేవారు. గోదావరి పాయలలో తెరచాప ఎత్తిన పడవలను చూసి పెరిగిన మన పెద్దలకు ఆ వృత్తిలోని శ్రమ, అందులోని స్వల్ప ఆదాయం వేరుగా వివరించనక్కరలేదు. ఆవిరి ఓడలు వ్యాప్తిలోకి వచ్చి తెరచాపల ప్రాభవం తగ్గుతున్న రోజులవి.

విక్టర్ తమ ఊరి పాఠశాలలోనే చదువుకున్నారు. చదువులో ప్రతిభ కనబరచి, 1889లో ఉపకార వేతనంపై క్లూనీ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయంలో చేరారు. లాటిన్, గ్రీకు భాషలకు ప్రాధాన్యమిచ్చే పాత పద్ధతికి భిన్నంగా, విజ్ఞాన శాస్త్రాలను, ఆధునిక విషయాలను బోధించే ఉపాధ్యాయులను తయారుచేయడం ఆ విద్యాలయ లక్ష్యం. ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడు కావాలన్నది ఆ యువకుని కోరిక. కాని ప్రాచీన పద్ధతిని సమర్థించేవారికీ, ఆధునిక పద్ధతిని కోరేవారికీ మధ్య చెలరేగిన వివాదం కారణంగా 1891లో ఆ విద్యాలయం మూతబడింది. చేరిన రెండేళ్ళకే విద్యార్థులు చెల్లాచెదరయ్యారు. మిగిలిన ఉపకార వేతనకాలం పూర్తి చేసుకొనేందుకు వారిని వేర్వేరు సంస్థలకు పంపారు. అలా గ్రిన్యార్ లియోన్ విశ్వవిద్యాలయపు విజ్ఞాన శాస్త్ర విభాగానికి చేరారు.

విద్యాలయాన్ని పోగొట్టుకున్న విద్యార్థి పరిస్థితి ఎటువంటిదో ఊహించవచ్చు. తానుగా ఎన్నుకోని ఊరు, పరిచయం లేని ఆచార్యులు, గడువు గల ఉపకార వేతనం. ఈ స్థితిలో ఆయన గణితశాస్త్ర పట్టపరీక్షకు కూర్చొని తప్పారు. 1892లో నిర్బంధ సైనిక సేవకు వెళ్ళవలసి వచ్చింది. 1893 చివరలో ఆ సేవ ముగించుకొని, నిరుత్సాహపడకుండా తిరిగి లియోన్‌కు వచ్చి, 1894లో అదే పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. తప్పిన చోటనే తిరిగి నిలబడి గెలిచిన ఈ సంఘటనను పరీక్షా ఫలితాల నాడు క్రుంగిపోయే మన పిల్లలకు తల్లిదండ్రులు తప్పక చెప్పాలి.

గణితం నుండి రసాయన శాస్త్రానికి

పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం వెంటనే దొరకలేదు. లూయీ రూసే అనే మిత్రుడు రసాయన ప్రయోగశాలలో ఒక చిన్న ఉద్యోగం ఉన్నదని, అందులో చేరమని పట్టుబట్టాడు. గణితంలోని తార్కిక నైర్మల్యానికి అలవాటుపడిన గ్రిన్యార్‌కు అప్పటి రసాయన శాస్త్రం కేవలం జ్ఞాపకశక్తికి సంబంధించిన విషయమనే అభిప్రాయం ఉండేది. స్నేహితుని బలవంతంపై 1894 డిసెంబరులో అయిష్టంగానే చేరారు. మొదట లూయీ బూవో వద్ద, తరువాత విభాగాధిపతి ఫిలిప్ బార్బియే వద్ద పనిచేశారు. పని చేస్తున్న కొలదీ ఆ శాస్త్రంలోనూ ఒక అంతర్లీనమైన క్రమం, గణితానికి తీసిపోని తర్కం ఉన్నాయని ఆయన గ్రహించారు. భౌతిక రసాయన శాస్త్రాలలో కూడ పట్టా పొంది, 1898లో ప్రయోగశాల శిక్షణాధికారి అయ్యారు.

లోహమూ కర్బనమూ – అంతకు ముందటి చరిత్ర

గ్రిన్యార్ కృషి విలువ తెలియాలంటే అంతకు ముందు జరిగినది కొంత తెలుసుకోవాలి. కర్బన పరమాణువు నేరుగా ఒక లోహ పరమాణువుతో బంధం ఏర్పరచుకొన్న పదార్థాలను కర్బన లోహ సమ్మేళనాలు అంటారు. ఇటువంటి వాటి చరిత్ర 1760లో పారిస్‌లో కాడే అనే ఔషధ శాస్త్రవేత్త పాషాణ లవణాల నుండి పొందిన, దుర్గంధంతో పొగలు చిమ్మే ఒక ద్రవంతో మొదలవుతుంది. 1830 ప్రాంతంలో డెన్మార్క్ దేశీయుడు జైజె ఇథిలీన్ వాయువును ఒక లోహంతో కలిపి పసుపుపచ్చని లవణాన్ని తయారుచేశాడు. ఆ లోహం ప్లాటినం. మన జూబిలీకి పేరిచ్చిన లోహమే ఈ శాస్త్రశాఖ తొలి పుటలలో కనిపించడం ముచ్చటైన విషయం.

1849లో ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ అనే ఆంగ్లేయుడు జర్మనీలోని మార్‌బుర్గ్ నగరంలో జింకు లోహాన్ని ఇథైల్ అయొడైడ్‌తో వేడిచేసి డైఇథైల్ జింకును పొందాడు. గాలి తగిలితే చాలు, అది తనంత తానే భగ్గున మండిపోయేది. అయినా దాని సహాయంతో ఒక కర్బన పరమాణువును మరొక కర్బన పరమాణువుతో జతచేయవచ్చునని తేలింది. ఈ జతచేయడమే కర్బన రసాయన శాస్త్రానికి ప్రాణం. ఔషధాలైనా, రంగులైనా, సుగంధాలైనా కర్బన శృంఖలాలతోనే నిర్మితమవుతాయి. గొలుసుకు కొత్త లంకెను చేర్చే ఉపాయం తెలిసినవాడే కొత్త పదార్థాన్ని సృష్టించగలడు. కాని జింకు సమ్మేళనాలతో పని నిప్పుతో చెలగాటమే. పైగా చాలా సందర్భాలలో చర్య మందకొడిగా సాగేది.

గురువు వేసిన బాట

ఆచార్య బార్బియే సుగంధ తైలాలపై పరిశోధన చేస్తుండేవారు. నిమ్మగడ్డి నూనెలో లభించే మిథైల్ హెప్టెనోన్ అనే పదార్థానికి మరొక కర్బనాన్ని చేర్చవలసి వచ్చింది. జింకు పనిచేయలేదు. అప్పుడాయన జింకు స్థానంలో మెగ్నీషియం లోహాన్ని వాడి చూశారు. ఈథర్ ద్రావణిలో మెగ్నీషియం, మిథైల్ అయొడైడ్, ఆ కీటోన్ మూడింటినీ ఒకే పాత్రలో కలిపి కోరిన ఆల్కహాలును సాధించారు. 1899లో ఆ ఫలితాన్ని ప్రకటించారు. అయితే ఈ పద్ధతి ఒకసారి ఫలించి మరొకసారి విఫలమయ్యేది. నిలకడ లేని ఆ విధానాన్ని క్షుణ్ణంగా పరిశీలించే పనిని తన శిష్యుడైన గ్రిన్యార్‌కు అప్పగించారు. డాక్టరేటు కోసం ఒక సమస్యను వెతుక్కుంటున్న శిష్యునికి అదే వరమైంది.

గ్రిన్యార్ నేరుగా ప్రయోగశాలలో దిగిపోలేదు. ముందు గ్రంథాలయంలో కూర్చొని పాత పరిశోధనలన్నీ చదివారు. మెగ్నీషియంతో అంతకు ముందు కొందరు తయారుచేసిన సమ్మేళనాలు గాలిలో మండిపోతాయనీ, ఏ ద్రావణిలోనూ సరిగా కరగవనీ తెలిసింది. అదే సమయంలో ఫ్రాంక్లాండ్, వాంక్లిన్ జింకుతో ఈథర్ సమక్షంలో చేసిన పాత ప్రయోగాల వివరాలు ఆయన దృష్టిని ఆకర్షించాయి. ఈథర్ కేవలం ద్రావణిగా కాక, లోహ సమ్మేళనానికి రక్షణగా కూడ పనిచేస్తున్నదేమో అన్న ఆలోచన కలిగింది. అలా అయితే మూడు పదార్థాలనూ ఒకేసారి కలపనవసరం లేదు. ముందుగా మెగ్నీషియాన్ని ఆల్కైల్ హాలైడ్‌తో ఈథర్‌లో చర్య జరిపించి కారకాన్ని సిద్ధం చేసుకొని, తరువాత కీటోన్‌నో ఆల్డిహైడ్‌నో దానికి చేర్చవచ్చు.

ఆ ఆలోచన నిజమైంది. ఏ మాత్రం తేమ లేని ఈథర్‌లో మెగ్నీషియం తురుము వేసి హాలైడ్‌ను కొద్దికొద్దిగా చేర్చగా, కొంతసేపటికి పాత్ర తనంత తానే వేడెక్కి ఈథర్ మరగసాగింది. లోహం క్రమంగా మాయమై ద్రావణం మిగిలింది. అది మండలేదు. దానిని వేరుచేసి శుద్ధిచేయవలసిన పని కూడ లేకుండా అదే పాత్రలో తరువాతి చర్యకు వాడుకోవచ్చు. 1900 మే 14న ఆన్రీ మ్వాసాన్ ఈ ఫలితాన్ని ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీకి నివేదించారు. అప్పటికి గ్రిన్యార్ వయస్సు 29 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం, 1901లో, ఇదే విషయంపై లియోన్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు పొందారు.

కారకం పనిచేసే విధానం

కర్బన లోహ బంధంలో రహస్యం ఏమిటో స్థూలంగా తెలుసుకుందాం. సాధారణంగా హాలైడ్లలో కర్బన పరమాణువు ధనావేశం వైపు మొగ్గి ఉంటుంది. దానికి మెగ్నీషియం తగులుకోగానే పరిస్థితి తారుమారవుతుంది. మెగ్నీషియం ఎలక్ట్రాన్లను సులభంగా వదులుకొనే లోహం కనుక, దానితో బంధం గల కర్బనం పాక్షిక ఋణావేశాన్ని పొందుతుంది. ఈ కర్బనం, ఆల్డిహైడ్లలోను కీటోన్లలోను ధనావేశం గల కర్బనాన్ని వెతుక్కుంటూ పోయి దానితో కలుస్తుంది. ఫార్మాల్డిహైడ్‌తో కలిస్తే ప్రైమరీ ఆల్కహాలు, ఇతర ఆల్డిహైడ్లతో సెకండరీ ఆల్కహాలు, కీటోన్లతో టెర్షియరీ ఆల్కహాలు, కార్బన్ డైఆక్సైడ్‌తో ఆమ్లం లభిస్తాయి. ఒకే కారకంతో ఇన్ని మార్గాలు తెరుచుకోవడం అంతకు ముందు ఎరుగనిది.

ఈ కారకానికి పరమ శత్రువు నీరు. ఒక్క చుక్క తేమ తగిలినా అది నశించి హైడ్రోకార్బన్‌గా మారిపోతుంది. అందుకే మన గోదావరి తీరం వంటి ఉక్కపోత గల ప్రాంతాల కళాశాలలలో ఈ ప్రయోగం చేసేవారు గాజు పాత్రలను ఓవెన్‌లో ఎండబెట్టి, ఈథర్‌లో సోడియం తీగ వేసి ఉంచుతారు. చర్య మొదలుకాక మొరాయిస్తే ఒక అయొడీన్ స్ఫటికం వేస్తారు. ఒకసారి మొదలైతే మాత్రం అది వేగం పుంజుకుంటుంది. పక్కనే మంచుగడ్డ పెట్టుకొని అప్రమత్తంగా ఉండవలసిందే. ఈథర్ రక్షణకు సంబంధించి గ్రిన్యార్ ఊహ సరియైనదేనని 1960లలో ఎక్స్ కిరణాల సహాయంతో ఆ స్ఫటికాల నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు తేటతెల్లమైంది. ఈథర్ అణువులు మెగ్నీషియాన్ని ఇరుప్రక్కలా పట్టుకొని నిలబడి ఉండడం కనిపించింది.

నోబెల్ బహుమతి – గురుభక్తి

ఈ కారకం వార్త యూరప్ అంతటా దావానలంలా వ్యాపించింది. కొద్ది సంవత్సరాలలోనే వందల కొలది పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. గ్రిన్యార్ 1905లో బెజాన్సాన్‌లో అధ్యాపకులై, మరుసటి ఏడు లియోన్‌కు తిరిగి వచ్చారు. 1909లో నాన్సీ విశ్వవిద్యాలయంలో కర్బన రసాయన విభాగ బాధ్యతలు స్వీకరించి, 1910లో ఆచార్యులయ్యారు. ఆ సంవత్సరమే వివాహం జరిగింది. వారి కుమారుడు రోజే కూడ తండ్రి బాటలోనే రసాయన శాస్త్రాన్ని చేపట్టాడు.

1912లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని ఇద్దరు ఫ్రెంచివారికి పంచారు. ఒకరు గ్రిన్యార్. రెండవవారు తులూజ్ నగరపు ఆచార్యులు పాల్ సబాత్యే. సన్నని నికెల్ పొడి సమక్షంలో హైడ్రోజన్‌ను కర్బన పదార్థాలకు చేర్చే పద్ధతిని కనుగొన్నది ఆయనే. ఒకప్పుడు మన వంటిళ్ళలో విరివిగా వాడిన వనస్పతి నెయ్యి ఆ హైడ్రోజనీకరణం పెట్టిన బిడ్డయే.

ఈ సందర్భంలో గ్రిన్యార్ మనస్సు ఎటువంటిదో లోకానికి తెలిసింది. సబాత్యేతో పాటు ఎన్నో ఏళ్ళు పనిచేసిన సాందరాన్‌కూ, మెగ్నీషియం బాటను మొదట చూపిన తన గురువు బార్బియేకూ బహుమతిలో భాగం దక్కలేదు. మరికొంత కాలం ఆగైనా సరే, ముందు సబాత్యే సాందరాన్‌లకు, ఆ తరువాత బార్బియేకూ తనకూ కలిపి ఇచ్చి ఉంటే బాగుండేదని ఆయన ఒక మిత్రునికి వ్రాసుకున్నారు. నోబెల్ ఉపన్యాసంలోనూ గురువు చేసిన పనిని మొదటే పేర్కొన్నారు. మూడు పదార్థాలనూ ఒకే పాత్రలో కలిపే పద్ధతికి నేటికీ బార్బియే చర్య అనే పేరు నిలిచి ఉన్నది. గురువు సగం నడిచి వదలిన దారిలో శిష్యుడు గమ్యం చేరడం విద్యారంగంలో క్రొత్త కాదు. గమ్యం చేరిన తరువాత వెనుదిరిగి ఆ తొలి అడుగులను చూపేవారు మాత్రం తక్కువ.

యుద్ధకాలపు నీడలు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. నోబెల్ బహుమతి గ్రహీత అయినా గ్రిన్యార్‌ను సైన్యంలో పాత హోదాలోనే, అనగా కార్పొరల్‌గానే పిలిపించారు. కొంత కాలానికి ఆయన ప్రతిభ అధికారుల దృష్టికి వచ్చి, పేలుడు పదార్థాలకు కావలసిన టోలీన్ తయారీపై పరిశోధనకు నియమించారు.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సేనలు క్లోరిన్ విషవాయువును ప్రయోగించాయి. దానితో యుద్ధం ప్రయోగశాలలలోకి ప్రవేశించింది. జర్మన్ల పక్షాన ఫ్రిట్జ్ హాబర్ వంటి మహా రసాయనవేత్త ఈ పనికి నాయకత్వం వహించగా, ఫ్రాంసు పక్షాన పారిస్‌లో ఈ పరిశోధనలో పాల్గొన్నవారిలో గ్రిన్యార్ ఒకరు. ఫాస్జీన్ వాయువు తయారీపై ఆయన పనిచేశారు. ఆ యుద్ధంలో విషవాయువుల వలన సంభవించిన మరణాలలో అధిక భాగానికి కారణం ఫాస్జీనేనని చరిత్రకారులు చెబుతారు. 1917లో జర్మన్లు మస్టర్డ్ గ్యాస్ ప్రయోగించినప్పుడు, అది నేలమీద స్వల్ప పరిమాణంలో ఉన్నా సోడియం అయొడైడ్ సహాయంతో పసిగట్టే పరీక్షను గ్రిన్యార్ రూపొందించారు. ఒక చేతితో విషాన్ని తయారుచేయడం, మరొక చేతితో విషం నుండి సైనికులను కాపాడే ఉపాయం వెదకడం ఒకే మనిషి వంతయింది.

జీవిత చరిత్రలు వ్రాసేవారు ఈ ఘట్టాన్ని మెల్లగా దాటిపోవడం కద్దు. దాటిపోవడం న్యాయం కాదు. స్వదేశ రక్షణ అన్న భావన ఆనాటి శాస్త్రవేత్తలందరినీ కమ్ముకొని ఉండేది, ఇది నిజం. కాని కందకాలలో ఊపిరాడక మరణించినవారు కూడ ఎవరో ఒక తల్లి బిడ్డలే. ఫాస్జీన్ కథ అంతటితో ముగియలేదు. పరిశ్రమలలో అది ముడిపదార్థంగా నిలిచింది. 1984లో భోపాల్ నగరాన్ని శ్మశానం చేసిన మిథైల్ ఐసోసయనేట్ ఫాస్జీన్ నుండి తయారైనదే. రసాయనాయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒడంబడిక 1993లో సంతకాలకు వచ్చి, 1997లో అమలులోకి వచ్చింది. అప్పటికి ఈప్ర్ ఘటన జరిగి ఎనభై ఏళ్ళు దాటాయి.

లియోన్‌లో చివరి సంవత్సరాలు

యుద్ధానంతరం 1919లో గ్రిన్యార్ లియోన్‌కు తిరిగివచ్చి, గురువు బార్బియే అధిష్ఠించిన పీఠాన్ని స్వీకరించారు. 1921లో లియోన్ పారిశ్రామిక రసాయన విద్యాలయానికి అధ్యక్షులయ్యారు. ఇతర విశ్వవిద్యాలయాలకు వెళ్ళే అవకాశాలు ఉన్నా ఆ ఊరిని విడువలేదు. 1926లో ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీకి ఎన్నికైనారు. 1929లో విజ్ఞాన శాస్త్ర విభాగపు డీన్‌గా నియుక్తులయ్యారు. ఒకనాడు పరీక్ష తప్పిన విద్యార్థిగా తిరిగిన ఆ ప్రాంగణానికే ఆయన పెద్దయ్యారు.

చివరి దశలో కర్బన రసాయన శాస్త్రం మొత్తాన్ని సమగ్రంగా వివరించే బృహద్గ్రంథానికి ప్రధాన సంపాదకత్వం వహించారు. దానిలో తొలి సంపుటాలు వెలువడుతుండగానే, 1935 డిసెంబరు 13న లియోన్‌లో, తమ 64వ ఏట పరమపదించారు. సహచరులు కొనసాగించగా ఆ గ్రంథం 23 సంపుటాలతో ముగిసింది. ఆయన మరణించేనాటికి గ్రిన్యార్ కారకంపై ప్రపంచవ్యాప్తంగా వెలువడిన పరిశోధన వ్యాసాలు ఆరు వేలకు పైబడినవి.

ఆయన నాటిన విత్తనం – నేటి వృక్షం

గ్రిన్యార్ అనంతరం కర్బన లోహ రసాయన శాస్త్రం శాఖోపశాఖలుగా విస్తరించింది. ఇంగ్లండులో కిప్పింగ్ గ్రిన్యార్ కారకంతోనే సిలికాన్ మూలకానికి కర్బనాన్ని చేర్చాడు. నేడు వైద్య పరికరాల గొట్టాలలోను, కిటికీల సందులు పూడ్చే పదార్థాలలోను వాడే సిలికోన్లకు అది నాంది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ అల్యూమినియం కర్బన సమ్మేళనాన్ని టైటానియం క్లోరైడ్‌తో కలిపి, ఇథిలీన్‌ను తక్కువ పీడనంలోనే పాలిథీన్‌గా మార్చాడు. మన బిందెలు, బకెట్లు, నీటి ట్యాంకులు ఆ మార్గాన వచ్చినవే. 1951లో వెలుగు చూసిన ఫెర్రోసీన్ అణువులో ఇనుప పరమాణువు రెండు కర్బన వలయాల మధ్య రొట్టె ముక్కల నడుమ కూర వలె ఒదిగి ఉంటుందని తేలింది. ఆ పరిశోధనలకు ఫిషర్, విల్కిన్సన్ 1973లో నోబెల్ బహుమతి పొందారు. ప్రకృతి సైతం ఈ విద్యను ఎరుగును. మన రక్తహీనతను నివారించే విటమిన్ బి12 సహ ఎంజైములో కోబాల్ట్ లోహం నేరుగా కర్బనంతో బంధించబడి ఉన్నది.

1972లో జపాన్‌లో కుమాడా, ఫ్రాంసులో కొర్యూ విడివిడిగా నికెల్ ఉత్ప్రేరకం సహాయంతో గ్రిన్యార్ కారకాన్ని మరొక కర్బన హాలైడ్‌తో జతచేశారు. రైలు పెట్టెలను కొక్కెం తగిలించి కలిపినట్లుగా కర్బన భాగాలను కలిపే ఈ సంధాన చర్యలను పెల్లేడియం లోహంతో అభివృద్ధి చేసిన హెక్, నెగిషి, సుజుకి అనే ముగ్గురికి 2010లో నోబెల్ బహుమతి లభించింది. రక్తపోటుకు ఎంతోమంది వాడే లోసార్టన్ మాత్ర ఈ సంధాన మార్గంలో తయారుచేయబడుతున్నది. 2005లో కర్బన జంటల మార్పిడి చర్యకు నోబెల్ పొందిన ముగ్గురిలో ఒకరైన ఈవ్ షోవాన్ చదువుకున్నది ఒకప్పుడు గ్రిన్యార్ నడిపిన లియోన్ రసాయన విద్యాలయంలోనే.

ఇక నేటి మాట. హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాలలోని బల్క్ డ్రగ్ పరిశ్రమలలో గ్రిన్యార్ చర్య నేటికీ నిత్యకృత్యమే. నొప్పి నివారణకు వాడే ట్రామడాల్, రొమ్ము క్యాన్సరు చికిత్సలోని టామాక్సిఫెన్ వంటి మందుల తయారీలో ఈ చర్యకు స్థానమున్నది. అయితే ప్రయోగశాలలో చెంచాడు పరిమాణంలో చేసేది వేరు, వేల లీటర్ల రియాక్టరులో చేసేది వేరు. చర్య ఆలస్యంగా మొదలై ఒక్కసారిగా విజృంభిస్తే ఈథర్ ఆవిరులు అగ్నికి ఆహుతవుతాయి. అందుచేత కారకాన్ని సన్నని గొట్టాలలో ప్రవాహంగా కొద్దికొద్దిగా తయారుచేసే పద్ధతులు ప్రవేశించాయి. 2004లో మ్యూనిక్ నగరంలో క్నోహెల్ బృందం లిథియం క్లోరైడ్‌ను చేర్చి, మృదువైన ఉష్ణోగ్రతలలోనే పనిచేసే క్రొత్త తరహా గ్రిన్యార్ కారకాన్ని రూపొందించింది. 2021లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం వారు మెగ్నీషియాన్ని ఉక్కు గుండ్లతో పాటు మరలో వేసి నూరుతూ, అతి స్వల్పంగా ఈథర్ వాడి, ముద్ద రూపంలో కారకాన్ని సిద్ధం చేశారు. రోట్లో పచ్చడి నూరినట్లున్న ఈ పద్ధతిలో గాలి తగలకుండా కాపాడవలసిన కట్టుదిట్టాలు కూడ తగ్గిపోయాయి. ఖరీదైన పెల్లేడియానికి బదులు చౌకగా దొరికే ఇనుముతో సంధాన చర్యలు జరిపే పరిశోధనలూ ముమ్మరంగా సాగుతున్నాయి. విచిత్రమేమంటే, 1980ల తరువాత ద్రావణి కాలుష్యం తగ్గించాలన్న సంకల్పంతో జింకు, ఇండియం వంటి లోహాలతో నీటిలోనే చర్య జరిపే ప్రయత్నాలు ఫలించాయి. ఆ చర్యలకు పెట్టిన పేరు బార్బియే తరహా చర్యలు. శిష్యుని కీర్తి వెలుగులో మరుగున పడిన గురువు పద్ధతి శతాబ్ది చివర మళ్ళీ గౌరవం పొందింది.

ఔషధమూ విషమూ

ఈ శాస్త్రశాఖలోని శక్తి రెండు వైపులా పదునైనది. ఇరవయ్యవ శతాబ్దపు మూడవ దశకంలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆంటిమొనీ కర్బన సమ్మేళనమైన యూరియా స్టిబమైన్‌తో కాలా అజార్ జ్వరం నుండి అసంఖ్యాక ప్రజలను కాపాడారు. అదే దశకంలో అమెరికాలో పెట్రోలుకు సీసపు కర్బన సమ్మేళనాన్ని కలపడం ప్రారంభించారు. ఆ సీసం మూడు తరాల పిల్లల రక్తంలో చేరింది. మన దేశంలో 2000లో దానిని నిలిపివేశారు. ప్రపంచంలో చివరగా అల్జీరియాలో 2021లో నిలిచింది. జపాన్‌లోని మినమాటా తీరంలో కర్మాగారం వదలిన పాదరసపు కర్బన సమ్మేళనం చేపలలో చేరి, వాటిని తిన్న మత్స్యకార కుటుంబాలను వికలాంగులను చేసింది. 1956లో బయటపడిన ఆ వ్యాధి, నదీ సముద్ర సంగమం దగ్గర బ్రతుకుతూ చేపను నిత్యాహారంగా స్వీకరించే మనవంటి వారికి ఒక హెచ్చరిక. లోహం, కర్బనం కలిసినంత మాత్రాన మేలు గాని కీడు గాని కలుగదు. ఏది కలపాలో, ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో నిర్ణయించే మనిషి వివేకం మీదనే అంతా ఆధారపడి ఉన్నది.

గ్రిన్యార్ జీవితం నుండి మన విద్యార్థులు గ్రహించవలసినవి మూడు. ఒక పరీక్షలో తప్పడం జీవితంలో తప్పడం కాదు. ఇష్టం లేని విషయమైనా శ్రద్ధతో పరిచయం చేసుకుంటే దానిలోని సౌందర్యం కనబడుతుంది. ప్రయోగానికి ముందు పూర్వుల కృషిని చదివినవాడే ఒక అడుగు ముందుకు వేయగలడు. ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఒకటి. తమకు అంతుపట్టని సమస్యను దాచుకోక శిష్యుని చేతిలో పెట్టిన బార్బియే వంటి గురువు లేకపోతే గ్రిన్యార్ లేడు. తల్లిదండ్రులు గ్రహించవలసినది, తెరచాపలు కుట్టే ఇంటి నుండి వెళ్ళిన పిల్లవానికి ఒక ఉపకార వేతనం, ఒక మంచి మిత్రుడు, మళ్ళీ ప్రయత్నించడానికి ఒక అవకాశం చాలినవని. డెబ్బది అయిదు వసంతాలుగా మన పాఠశాల ఈ ప్రాంతపు బిడ్డలకు మాతృభాషలో అందిస్తూ వస్తున్నది అటువంటి అవకాశమే. రాబోయే తరాలకు కూడ అది తరగకుండా అందాలని ఆకాంక్షిద్దాం.